అన్నయ్య కోసం సాక్ష్యం

అమెరికాలో మా క్యారీ ఊళ్ళో మేం ఆదివారాలు నడిపే తెలుగు క్లాసులో పిల్లలకి పద్యాలు చెప్పగలిగినవాడు జగదీష్ అన్నయ్య ఒక్కడే. ఎంత బతిమాలినా రానన్నాడు. నాకసలే ముక్కు మీద కోపం. "అంత బెట్టెందుకు?" అని ఒకరోజు గట్టిగా నిలదీశాను. అప్పుడు చెప్పాడు.

పిల్లలకి పాఠం చెప్పాలంటే ఎవరికైనా పోలీసు రికార్డు చూస్తారు. అన్నయ్యకి రికార్డుంది. ఇక్కడ ఎమ్మెస్ చదివే రోజుల్లో ఇంకో మగవాడితో ఉండగా పట్టుకున్నారు. ఇద్దరూ ఇష్టపడి కలిసినవాళ్ళే. అప్పటి చట్టానికి అది నేరం, శిక్ష వేశారు. అలాంటి చట్టాలు చెల్లవని ఇక్కడి సుప్రీంకోర్టు కొట్టేసి పదేళ్ళయింది. మచ్చ మాత్రం అన్నయ్య పేరు మీద అలాగే ఉంది. ఎవరికీ అపకారం చెయ్యని మనిషి ఇన్నేళ్ళూ పిల్లల ముందు నిలబడడానికి భయపడ్డాడు.

"పిటిషన్ వేస్తే తీసేసే వీలుందట. నేను మంచివాణ్ణని అఫిడవిట్ ఇచ్చేవాళ్ళు ఇద్దరు కావాలి. ఒకరు మా మేనేజర్. రెండోది నువ్విస్తావా ఉషా?" అన్నాడు.

"అది కూడా అడగాలా అన్నయ్యా? ఎప్పుడు రమ్మంటే అప్పుడు లీవ్ పెట్టేస్తా."

అన్నయ్య నన్ను లాయరు దగ్గరికి తీసుకెళ్ళాడు. లాయరమ్మ నెమ్మదస్తురాలు. "ఈయన మీకెలా తెలుసు?" అని అడిగింది.

"మా అన్నయ్య," అన్నాను గర్వంగా.

ఆమె రాయడం ఆపేసింది. "బంధువులిచ్చిన అఫిడవిట్ చెల్లదండీ," అంది.

సొంత అన్నయ్య కాదని ఒక్క ముక్క చెప్తే సరిపోయేది. నా నోరు ఊరుకుంటుందా? మా పిల్లలు ఈయన్ని మామయ్యా అనే పిలుస్తారన్నాను. మా రియా ఓణీల ఫంక్షన్‌కి మేనమామ బట్టలు పెట్టింది ఈయనేనన్నాను. మేనమామంటే ఎవరని ఆమె అడిగితే, తల్లికి తోడబుట్టినవాడని విడమరిచి మరీ చెప్పాను. అన్నయ్య నుదురు కొట్టుకుని నవ్వాడు.

చివరికి మా వరసల సంగతి ఆయనే ఆమెకి వివరించాడు. ఆమె కూడా నవ్వేసింది. అయితే ఈయనకీ మీకూ ఏ బంధుత్వమూ లేదని ప్రమాణం చేసి చెప్పండి, చాలు అంది.

నిజమే, లేదు. అయినా అన్నయ్య వైపు తిరిగాను.

"ఎలా చెప్పను అన్నయ్యా?" అన్నాను తెలుగులో.

"చెప్పు ఉషా. అప్పుడు జైల్లోంచి ఫోన్ చేస్తే మా సొంత అన్నయ్య ఈ మాటే అన్నాడు, నువ్వు నాకేమీ కావని. ఆయన అనేసి ఫోన్ పెట్టేశాడు. నువ్వు నా పక్కన కూర్చుని అంటున్నావ్."

నాకు ఏడుపాగలేదు. కుడిచెయ్యి పైకెత్తి, ఈయన నాకేమీ కాడని ప్రమాణం చేశాను. నా ఎడమచెయ్యి మాత్రం ఆయన చేతిలోనే ఉంది.