నాడె ఎవరి చేతిలో

పొయ్యి మీద సంగటి కెలుకుతున్నాను. పక్కన కూర్చున్న నా కూతురు నాగజ్యోతి నోరు మెదపడం లేదు. మూడు నెలల కిందటైతే ఈ కాసేపట్లోనే బళ్లో టీచరు తిట్టిన తిట్లు, గోడ మీది బల్లి, పెనుకొండలో మా అమ్మవాళ్ల మేక, అన్నీ కలగాపులగంగా చెప్పేసేది. ఎవరి మాటకైనా అడ్డం పడేది. తోటి పిల్లలు దాన్ని ఆటల్లోకి రానివ్వడం మానేశారు.

పుట్టపర్తిలో డాక్టరమ్మ ఏడీహెచ్‌డీ అంది, మనసు ఒకచోట నిలవదట. వంతులవారీగా మాట్లాడటం నేర్పమంది. "పాప వంతు వచ్చినప్పుడు మీరంతా వినాలమ్మా" అని కూడా అంది. మాది పట్టుచీరల మగ్గం. మగ్గంలో అటూ ఇటూ విసిరే పాత నాడె ఒకటి తీశాను. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లు మాట్లాడాలి, తక్కినవాళ్లు వినాలి. భోజనాల దగ్గర మొదలుపెట్టాం. నాడె నా భర్త కేశవ చేతిలోంచి అత్త కౌసల్యమ్మ చేతికి, మళ్లీ ఆయన చేతికి పోయేది. జ్యోతి చెయ్యి చాచి చాచి దించేసుకునేది. నేనా, వడ్డిస్తున్నానుగా, నా చేతులెప్పుడు ఖాళీ?

"ఇప్పుడు చూడు, బిడ్డ ఎంత బుద్ధిగా ఉండాదో" అని అత్త మురిసిపోయింది. సిగ్గులేకుండా నేనూ సంతోషపడ్డాను.

చిన్నప్పుడు నేనూ ఇట్లాంటిదాన్నే. "ఆడపిల్లకి అంత నోరేంటికే" అని మా అవ్వ సుబ్బలక్ష్మమ్మ నా నోట్లో వక్క పెట్టి, తను చెప్పేదాకా తియ్యనిచ్చేది కాదు. అవ్వ పోయి పద్దెనిమిదేళ్లయింది. ఎవరికైనా ఎదురు చెప్పబోతే ఇప్పటికీ నాలుక మీదికి ఆ వగరు వస్తుంది.

సంగటి దించేసరికి అందరూ కూర్చున్నారు. పళ్లెంలో ముద్ద పెడుతూ చూశాను. జ్యోతి బుగ్గ ఉబ్బి ఉంది.

"ఏందే నోట్లో?"

అరచేతిలోకి ఉమ్మింది. వక్క. మా అత్త నమిలేదే.

"అవ్వ డబ్బాలో తీసుకున్నా, మా. ఎవరూ పెట్టల్యా. ఇది ఉంటే మాట రాదు."

మా అవ్వ సంగతి నేను ఈ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మాట నేర్పుతున్నాననుకుని బిడ్డకు నోరు మూసుకోవడం నేర్పాను.

కేశవ నాడె పట్టుకుని ఏదో చీర సంగతి చెబుతూనే ఉన్నాడు. ఆయన చేతిలోంచి లాక్కున్నాను.

"ఏమే, నేను మాట్లాడతాండా కదా!"

"పన్నెండేళ్లుగా వింటానే ఉండా."

నోరంతా వగరు. నాడె జ్యోతి చేతిలో పెట్టి దాని పక్కనే చతికిలబడ్డాను.

"చెప్పు జ్యోతీ. ఆ మేక సంగతి చెప్పు."

దాని పెదాలు కదిలాయి, మాట రాలేదు. వస్తుంది. వచ్చేదాకా ఈ ఇంట్లో ఎవరికీ సంగటి వడ్డించను.