కాచిన పాలు

2022 జూన్ ఆరు. ఆ మధ్యాహ్నం నేనూ, నా భార్య ఉమారాణీ జొన్నరొట్టెలు, పచ్చిపులుసు తిన్నాం. చెయ్యి కడుక్కోవడానికి వాకిట్లోకి వెళ్లిన ఆమె పిక్కను రఘుపతి కుక్క పట్టుకుంది.

రఘుపతికి మా వీధి చివర పాల కేంద్రం ఉంది. పరుగెత్తుకొచ్చాడు.

"ఫికర్ చెయ్యకున్రి సార్. సూదులన్నీ ఏయించిన కుక్క."

ఆ మాట నమ్మి, సబ్బుతో కడిగి కట్టు కట్టుకుని ఊరుకున్నాం. తర్వాత రోజూ అడిగేవాణ్ణి, "కుక్క ఎట్లుంది రఘుపతీ?" అని. "చేన్ల కట్టేసిన సార్, మంచిగ తింటాంది" అనేవాడు. అప్పటికే అది పిచ్చెక్కి చచ్చింది. తెలిస్తే పాలు ఎవరూ కొనరని చేనుగట్టున పూడ్పించాడు. పూడ్చిన జీతగాడు నోరు విప్పేసరికి ఉమ నీళ్ల గ్లాసు చూసి వణికిపోతోంది.

ఇక చేసేదేమీ లేదని హైదరాబాదు దవాఖాన వాళ్లు ఇంటికి పంపారు. పక్కింటి గొర్ల దుర్గయ్య భార్య గుర్వమ్మ వచ్చి, గదిలోని బిందెను కొంగుతో కప్పి, ఉమ కంట పడకుండా దానికి అడ్డంగా కూర్చుంది. ఉమ పోయేదాకా అక్కడి నుంచి లేవలేదు.

నేను కొత్తకోట జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. ఎవరి మీదా చెయ్యెత్తి ఎరగను. రఘుపతి ఎదురై నమస్తే పెడితే నేనూ పెట్టేవాణ్ణి. ఆ పాల కేంద్రం మూతపడాలని, అది నా కళ్లతో చూడాలని మాత్రం మూడేళ్లు కోరుకున్నాను.

మొన్న శ్రావణంలో రఘుపతి బర్రె నురగలు కక్కి చచ్చింది. పిచ్చికుక్క కరిచిందని పశువుల డాక్టర్ తేల్చాడు. దాని పాలతో తోడేసిన పెరుగే ముందురోజు దశరథం ఇంటి విందులో ఊరంతా తిన్నది. సాయంత్రానికి మా అరుగు నిండిపోయింది.

"సార్, పెరుగుతోని గుడ వస్తదా పిచ్చి?" దశరథం అడిగాడు.

కాచిన పాలతో రాదు. ఏళ్ల తరబడి పిల్లలకు నేనే చెప్పిన పాఠం.

"నేనైతే సూది ఏయించుకుంట" అన్నాను.

మర్నాడు మా ఊరి దవాఖాన ముందు జాతరలా ఉంది. పాల క్యాన్లు రోడ్డు మీద దొర్లాయి. రఘుపతి చొక్కా చిరిగింది. "నీ బర్రె పాడుగాను! మా పాణాలు దీస్తవా?" అంటూ నర్సింగమ్మ చెప్పు చూపించింది. నేను వరండాలో కూర్చుని చూశాను. ఎండ పడుతోందని ఎవరో నా కుర్చీ జరిపారు, ఎవరో చాయ్ తెచ్చారు. ఉమ పోయాక అంత రుచిగా చాయ్ తాగలేదు.

పొద్దెక్కాక దుర్గయ్య గుర్వమ్మను బండి మీద తెచ్చాడు. గొర్ల దొడ్డిలో ఒక వీధికుక్క ఆమె చెయ్యి చీల్చింది. చుట్టిన కొంగు ఎర్రగా తడిసింది.

"లైన్ల నిలవడు దుర్గన్నా. మేం తెల్లారకముందే అచ్చినం" అన్నాడు దశరథం.

"ఒక్కటే సీసా మిగిలింది" అంది నర్సు త్రివేణి. "కరిచినామెకు ముందు. పాలకు అక్కర్లేదని పొద్దటి సంది మొత్తుకుంటున్న గదా!"

"నీకేమెరుక? సారే ఏయించుకోమన్నడు." దశరథం గడపకు అడ్డం నిలబడ్డాడు.

"ఆమెదేనా పాణం? మాది గాదా?" నర్సింగమ్మ అందుకుంది.

అందరూ నా వైపు తిరిగారు. మూలన గోడకానుకుని రఘుపతి. నేను నోరు విప్పితే వాడు ఒడ్డున పడతాడు. విప్పబుద్ధి కాలేదు.

అప్పుడు గుర్వమ్మ నన్ను చూసింది. "సారూ, నీకైందా సూది? కాకుంటె ముందుగాల నువ్వు ఏయించుకో."

లేచి నిలబడ్డాను. "కాచిన పాలతోని రాదు. నేను ఏయించుకోలే, ఏయించుకోను. ఆమెను పోనియ్యున్రి."

"మరి నిన్న గట్లెందుకన్నవ్?" దశరథం నిలదీశాడు.

"రఘుపతి మీది కోపంతోని."

"నువ్వు సుత గిట్ల జేస్తవనుకోలే సారూ" అని దశరథం గడప వదిలాడు. గుర్వమ్మకు మొదటి సూది పడింది. గాయం దగ్గర వేసే ఇంకో మందు కోసం దుర్గయ్య ఆమెను వనపర్తి తీసుకెళ్లాడు.

దీపాలు పెట్టే వేళకు రఘుపతి చెంబుతో మా గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇజ్జత్ కాపాడినవ్ సార్. కాచి తెచ్చిన."

చెంబు అందుకోలేదు.

"కుక్క ఎట్లుంది రఘుపతీ?"

వాడి తల వాలిపోయింది.

"రేపు గుడ అడుగుత. ఎల్లుండి గుడ" అన్నాను.

వనపర్తి నుంచి వచ్చిన గుర్వమ్మ పక్కింట్లో అప్పుడే నిద్రపోయిందట. చప్పుడు కాకుండా, రాత్రికి తలుపు వేసుకున్నాను.