లూసీ వరస

చొక్కాకి నీలిమందు ఎక్కువైందని ఆ ఆదివారం పొద్దున్నే మా ఆయన కొర్నేలి నాతో గొడవ పెట్టుకున్నారు. ఇది వేసుకుని పదిమందిలో ఎలా నిలబడనన్నారు. ఎండలోకి వస్తే తెల్లగానే కనిపిస్తుందన్నాను. ఇద్దరం చెరో చెయ్యీ పట్టుకుని చొక్కాని వాకిట్లోకి తీసుకెళ్ళి చూశాం. నీలంగానే ఉంది. నిజానికి ఆయనకి నిలబడడమే ఇష్టం లేదు.

మా లూసీ మెదడువాపు జ్వరంతో పోయి నెల అయింది. ఆ రోజు రువాబాంధా బస్తీలో మేం ప్రార్థనలు చేసుకునే షెడ్డులో మా తెలుగు సంఘం ఆదరణ కూటం పెట్టింది. బిడ్డ పోయిన తండ్రి లేచి, ఇచ్చినందుకూ తీసుకున్నందుకూ కూడా దేవుణ్ణి స్తుతిస్తూ సాక్ష్యం చెప్పడం మావాళ్ళ ఆనవాయితీ. సంఘపెద్ద మరియదాసు గారు ముందురోజే వచ్చి ఏం చెప్పాలో నేర్పి వెళ్ళారు. ఈయన తల ఊపి ఊరుకున్నారు. తర్వాత నాతో మాత్రం, నోరు రాదు, వాయిస్తానన్నారు. సంఘంలో హార్మోనియం వాయించేది ఆయనే.

ఏం వాయిస్తారో నాకు తెలుసు. మేం పనికి వచ్చిన ఈ హిందీ ఊళ్ళో, ఉక్కు ప్లాంటు మొదలైన ఏడాది లూసీ పుట్టింది, హిందీలో పెరిగింది. తెలుగు కీర్తనల్లో మాటలు దానికి సగం అందేవి కావు. ఆసుపత్రిలో, "బోల్ వద్దు పాపా, ఖాలీ ధున్" అనేది వాళ్ళ నాన్నతో, మాటలొద్దు వట్టి వరస చాలని. ఆయన పెదవులు మూసుకుని ఒక కీర్తన వరసను గొంతులోనే తిప్పేవారు. ఆ పిల్ల కళ్ళు తెరవడం మానేశాక కూడా ఆపలేదు. మా ఇద్దరికీ అది ఇక కీర్తన కాకుండా పోయింది.

షెడ్డులో అదే వాయించారు, చాలా నెమ్మదిగా. మొదటిసారి ఎవరూ కదల్లేదు. నేను ఎవరితోనూ అనలేకపోయినదంతా అందులో ఉంది. ఏమిటని అడిగితే ఇప్పటికీ చెప్పలేను. రెండోసారి పల్లవికి వచ్చేసరికి మా అత్తగారు దెబోరా కళ్ళు మూసుకుని మాటలు అందుకున్నారు. ఆ వరస వినిపిస్తే మావాళ్ళ నోటికి మాటలు వాటంతట అవే వచ్చేస్తాయి. మేలు పొందినవాళ్ళు పాడే కృతజ్ఞత కీర్తన అది. షెడ్డంతా గొంతు కలిపింది, చప్పట్లు మొదలయ్యాయి. ఆయన హార్మోనియం మెట్ల మీంచి చేతులు తీసేశారు. పాట ఆగలేదు.

కూటం అయ్యాక మరియదాసు గారు ఆయన్ని కౌగిలించుకుని, ఇంత మంచి సాక్ష్యం ఈ మధ్య వినలేదన్నారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అత్తగారి మొహం చాలా రోజులకి తేటపడింది.

"నోటితో అనకపోతే ఏటిరా? స్తుతి సెప్పేసినావు. అందరం ఇన్నాం."

ఆయన అన్నం కలపడం ఆపారు.

"నాను సెప్పింది అది కాదమ్మా."

"మరేటి?"

వరసలో ఏడుపు పట్టింది, కోపమూ పట్టింది. "కాదు" అన్న ఒక్క మాట మాత్రం పట్టలేదు.

"వచ్చే ఆదివారం లెగిసి సెప్తాను," అన్నారు చివరికి. "లూసీని తీసుకున్నందుకు నాను స్తుతించలేదని, స్తుతించనని. మాటల్తోనే సెప్తాను."

"సంఘంలో ఉండనిస్తారేటిరా మనల్ని?"

"ఉండనివ్వరు. అయినా సెప్తాను."