పల్లం వాళ్ళ వెచ్చదనం

ఆ రోజుల్లో బొంతల కార్ఖానాలో నవ్వుకు కరువుండేది కాదు. ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు. కిటికీలకు చువ్వలు, గుమ్మంలో మేస్త్రి, నేలంతా దూది పీచు. అయినా చాపల మీద వరసగా కూర్చున్న ఆ ఆడవాళ్ళు మెడ మీద కత్తి వేలాడుతున్నా పరాచికాలు మానేవాళ్ళు కాదు. అందరిలోకీ చిన్నదీ, నోరు పెద్దదీ కందిరీగ. ఆ పేరు పెట్టింది వాళ్ళ పిన్నే.

మిట్ట మీది ఇళ్ళలో చలి మామూలు చలి కాదు. నిప్పు రాజేసినా పోదు, పల్లం వాళ్ళ బొంత కప్పుకుంటేనే పోతుంది. బొంతకు ఆఖరి అంచు కుట్టేటప్పుడు తీపి జ్ఞాపకం ఒకటి తలుచుకోవాలి. తలుచుకున్నది తలుచుకున్నట్టే దారం వెంట బొంతలోకి దిగిపోతుంది. కుట్టినవాళ్ళకు ఇక అది మిగలదు. కప్పుకున్నవాళ్ళకు మాత్రం నిద్రలో సొంత జ్ఞాపకంలా వస్తుంది. ఈడొచ్చిన ప్రతి పల్లం పిల్లా చాప మీద కూర్చోవాల్సిందే. అది మిట్ట వాళ్ళ చట్టం.

అందుకే అందరూ చిల్లర జ్ఞాపకాలతో నెట్టుకొచ్చేవాళ్ళు. వానలో తడిసిన రోజు, కొత్త చెప్పులు తొడుక్కున్న పొద్దు, పక్కింటి పెరట్లో దొంగతనంగా కోసిన కాయ. పక్క చాప మీది లావుపాటావిడ ఆ చిల్లర కూడా అయిపోయి పెళ్ళిరోజునే కుట్టేసింది.

"మా ఆయన్ని ఎప్పుడు కట్టుకున్నానో గుర్తులేదే తల్లీ. గురక మాత్రం గుర్తుంది."

"అదీ కుట్టెయ్యరాదూ?" అంది కందిరీగ.

"కుట్టి చూశాలే. బొంత ఇంకా చల్లబడింది."

కార్ఖానా అంతా ఘొల్లుమంది. పిన్ని నవ్వుతూనే కందిరీగకు తొడపాశం పెట్టింది. తల్లి పోయాక అక్క కూతుర్ని పెంచింది ఆవిడే. "అన్నీ కుట్టుకో గానీ మీ అమ్మ జోలికి మాత్రం పోకు" అని పిల్ల చాప ఎక్కిన రోజునుంచీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది.

బొంతలు తీసుకెళ్ళే బండి వెంట మిట్ట దొరగారి చిన్నకొడుకు వచ్చేవాడు. మనిషి బాగా పొడుగు. ఆడవాళ్ళు నిట్రాట అనేవాళ్ళు. మొదట్లో కందిరీగ వాడి మొహం చూసేది కాదు. మన బతుకులు కప్పుకుని నిద్రపోయే రకం కదా అని ఒళ్ళు మంట. ఒక సాయంత్రం సామాన్ల గదిలో ఆమె బొంతలు మడతపెడుతుంటే వాడు మెల్లగా వచ్చి సూది అడిగాడు.

"దొరలకు సూదితో పనేంటి?"

"నాకంటూ గుర్తున్నది ఒక్కటీ లేదు. ఏది తలుచుకున్నా మీ పల్లం వాళ్ళదే వస్తుంది. నా చేత్తో ఏదైనా చేసి చూద్దామని."

దారం ఎక్కించడానికి వాడు పడ్డ తంటాలు అన్నీ ఇన్నీ కావు. ఒక కన్ను మూశాడు, నాలుక బయటపెట్టాడు, చివరికి వేలికి గుచ్చుకున్నాడు. కందిరీగ పకపకా నవ్వింది. వాడు వేలి మీది రక్తపు చుక్కను మురిపెంగా చూసుకుని "ఇది నాదే" అన్నాడు. పాపం అనిపించింది ఆమెకు. ఆ పాపమే ప్రేమయింది.

ఎంత తీయని సాయంత్రాలవి! దూది వాసన, బొంతల మీద చువ్వల నీడలు, వంకరటింకర కుట్లు వేసి మెప్పుకోసం చూసే వాడి కళ్ళు. మిట్టకూ పల్లానికీ పొత్తు కుదరదని ఇద్దరికీ తెలుసు. తెలిసే చేతులు పట్టుకున్నారు.

కొంగున కట్టుకున్న నిప్పు ఎన్నాళ్ళు దాగుతుంది? మేస్త్రి చూశాడు, దొర చెవిన వేశాడు. దొర తీర్పు క్షణంలో వచ్చింది. పిల్ల మనసులో ఉన్న కుర్రాణ్ణి ఆ పిల్ల చేతే బొంతలోకి కుట్టించాలి. ఆ బొంతను వాడికే కప్పాలి. తనను ఎలా వదిలించుకుందో వాడే కలలో చూసుకుంటే గానీ బుద్ధి రాదట. బొంత వేడెక్కకపోతే పిల్లకు ఖాళీ గది. అందులోకి వెళ్ళొచ్చినవాళ్ళు సొంత ఇంటి గుమ్మంలో నిలబడి ఇదెవరి ఇల్లని అడిగేవాళ్ళు.

"చిల్లర ఏదో కుట్టి ఇచ్చేస్తాను పిన్నీ."

"మేస్త్రి చెంప ఆనించి చూస్తాడే. అంత వేడి చిల్లరతో రాదు."

కందిరీగ దారాన్ని వేలికి చుట్టి విప్పింది.

"అంత వేడిది నా దగ్గర ఇంకొక్కటే ఉంది."

పిన్ని ఆమె చెయ్యి పట్టేసుకుంది. "వద్దే! వాణ్ణే కుట్టెయ్. వాడు బతికే ఉన్నాడు, మళ్ళీ చూడొచ్చు. అక్క మళ్ళీ వస్తుందా?"

"మళ్ళీ చూస్తే మిట్ట వాళ్ళను చూసినట్టే చూస్తాను. అమ్మ గురించి చెప్పడానికి నువ్వున్నావు. అతని గురించి నాకెవరు చెబుతారు?"

"నేను చెప్పేది కథేనే పిచ్చిదానా. అందులో అమ్మ ఉండదు."

అయినా కుట్టింది. తలంటుతూ కళ్ళలో నురగ పడకుండా అడ్డం పెట్టిన అరచెయ్యి పోయింది. చీకటంటే భయమేస్తే అమ్మ చెప్పిన అబద్ధాలన్నీ పోయాయి. నవ్వు పోయింది, గొంతు పోయింది. మొహాన్ని ఆపుకుందామని సూది నిలిపింది గానీ మేస్త్రి గుడ్లురిమాడు. మొహమూ పోయింది. ముడి వేసి దారం తెంపింది.

మేస్త్రి బొంతకు చెంప ఆనించాడు. ఆ కర్కోటకుడి కళ్ళు కూడా చెమర్చాయి. "వలపంటే ఇట్టా ఉంటుందన్నమాట" అని గొణుక్కుంటూ బండెక్కించాడు.

ఇంటిదారిలో పిన్ని ఒకటే ఏడుపు. తన తల్లిని ఇచ్చేశానని కందిరీగకు తెలుసు. కానీ ఎవరో ఎరగని మనిషిని సాగనంపినట్టుంది తప్ప లోపల ఏమీ కదలలేదు. పిన్ని భుజం చుట్టూ చెయ్యి వేసింది. ఎలా ఓదార్చాలో తోచలేదు.

కొన్నాళ్ళకు నిట్రాట మిట్ట దిగి వచ్చేశాడు. బండి లేదు, కాళ్ళకు చెప్పుల్లేవు. వెతుక్కుంటూ వచ్చి పిన్ని ఇంటి అరుగు మీద కూలబడ్డాడు. కళ్ళు వాచి ఉన్నాయి.

"నన్ను కుట్టలేదు నువ్వు."

"లేదు" అంది కందిరీగ. ఆమెకు సంతోషంతో ఊపిరాడలేదు. వచ్చాడు. తన మనిషి తనకు గుర్తున్నాడు. కానీ వాడు నవ్వలేదు. పసిపిల్లాడిలా వెక్కిళ్ళు పెడుతూ "నాకు అమ్మ కావాలి" అన్నాడు.

ఆమె కంట చుక్క నీరు లేదు. కొంగుతో వాడి మొహం తుడిచి పక్కన కూర్చుంది. లోపలినుంచి పిన్ని వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

"మా అమ్మ ఎలా ఉండేది? మొదట్నుంచీ చెప్పు" అంది కందిరీగ.

వాడు ఊపిరి కూడదీసుకున్నాడు.

"నాకు జ్వరం వచ్చింది" అని మొదలుపెట్టాడు.