సఫియా పుస్తకం యాడికి పోయింది

హిందూపురం కూరగాయల మార్కెట్ వెనక సందులో సఫియాకు జాకెట్లు కుట్టే అంగడి ఉంది. కరెంటు పోయినప్పుడల్లా మిషను మీద మోచేతులు ఆనించి పుస్తకం తెరుస్తుంది. ఆమెకు నచ్చేవన్నీ ఒకటే రకం. చుక్కల మధ్య తిరిగే ఓడలు, మాట్లాడే కొండలు, ఇంకా పుట్టని కాలాలు. ఇంట్లో అందరూ వాటిని దెయ్యాల కథలంటారు. మొగుడు మస్తాన్ మంచోడే గానీ, ఆమె కథ మొదలుపెట్టిందంటే చాలు, గురక అందుకుంటాడు.

అన్నిట్లోకీ ఆమెకు ప్రాణం 'నీళ్లు మరిచిన గ్రహం' అనే నవల. బెంగళూరులో చెల్లెలింటికి పోయినప్పుడు పాత పుస్తకాల అంగట్లో దొరికింది. వాన అనే మాటే లేని ఒక గ్రహం. అక్కడ పుట్టిన తారిణి అనే పిల్ల తోకచుక్కలోని మంచు కోసం ఓడెక్కి పోతుంది. ఆ కథ చదివిన ప్రతిసారీ సఫియాకు ఎవరితోనన్నా మాట్లాడాలని నోరు దురదపెట్టేది. మాట్లాడేందుకు మనిషి లేదు.

పెనుకొండ నుంచి జాకెట్లకు వచ్చే కమలాక్షి టీచరమ్మ ఒకనాడు ఆ పుస్తకం తీసి, కొలతలివ్వడం కూడా మరిచి, నిలబడే చదవబట్టింది.

"అక్కా, చదివి తెచ్చిస్తా."

లేదంటే బాగుండదు, ఇయ్యాలంటే మనసొప్పదు. "పేజీలు మడచొద్దు కమలా" అని చెప్పి సఫియా చేతిలో పెట్టింది.

ఎండలు పోయినాయి, వానలు పడినాయి. పుస్తకం రాలేదు. ఫోన్ చేస్తే కమలాక్షి వేరే మాటల్లోకి దాటేసేది. ఇట్ల కాదని ఒక ఆదివారం సఫియా అంగడి మూసి, ప్యాసింజర్ రైలెక్కి పెనుకొండలో దిగింది.

గుమ్మంలో ఆమెను చూడగానే కమలాక్షి మొహం చిన్నబోయింది. "అక్కా, పుస్తకం నా దగ్గర లేదు. ధర్మవరంలో మా మామ ఉండాడు, జయరాముడని. పండక్కి వచ్చి, నేను చదువుతాంటే చూసి, పట్టుకపోయినాడు."

"నన్నొక మాట అడగాల్సింది గదా?"

"అడిగితే నువ్వు వద్దంటావని..."

అది నిజమే కాబట్టి సఫియాకు ఇంకా కోపమొచ్చింది. "సరే, పద ధర్మవరం" అంది. రైల్లో పక్కపక్కనే కూచున్నారు. కొంతదూరం పోయినాక కమలాక్షి మెల్లగా అంది, "ఓడలో తారిణికి వాళ్లమ్మ గొంతు వినపడతాది చూడు, ఆడ నేను ఏడ్చినానక్కా." సఫియా కిటికీ వైపు తిప్పుకున్న తల ఇటు తిప్పలేదు. కానీ కోపం కొంచెం సడలింది. ఆ చోట తానూ ఏడ్చింది మరి.

జయరాముడు అరవై దాటిన మనిషి. ఇంట్లోనే పట్టుచీరల మగ్గం. ఎవరొచ్చిందీ తెలియగానే మగ్గం గుంటలోంచి లేచి బయటికొచ్చినాడు.

"నువ్వేనామ్మా ఆ పుస్తకమామె! రా, కూచో. నీతో నాకొక తగాదా ఉండాది."

"నాతోనా?"

"ఆ పిల్ల మంచు సంపాదించినాక మళ్లా ఆ గ్రహానికి ఎందుకు రావల్ల? వస్తే మళ్లీ ఓడెక్కే దారి లేదని తెలుసు గదా. మంచు పంపిస్తే సాలదా?"

సఫియా పుస్తకం అడగడానికి తెరిచిన నోటితోనే జవాబు చెప్పింది. "పంపిస్తే కరిగించేదెవరన్నా? ఆ విద్య ఆమెకొక్కదానికే వచ్చు."

"ఇంకొకరికి నేర్పించి పంపొచ్చు."

"ఓడలో ఉండేటోళ్లు ఎవరూ ఆ నేల మీద దప్పికతో పడుకున్నోళ్లు కాదు. నేర్చుకున్నా వాళ్లకు ఆత్రం యాడిది?"

"ఆత్రముంటే బతుకంతా ధారపోయాల్నా? ఆ పిల్లకు చుక్కలు చూడాలని ఉండదా?"

కమలాక్షి కాఫీలు పెట్టి తెచ్చింది. అవి చల్లారిపోయినాయి. సఫియా గొంతు పెంచింది, ఆయనా పెంచినాడు. ఇన్నేళ్లు తనలో తానే నమిలిన కథను ఇంకొక మనిషి కాదంటాంటే ఆమెకు ఒళ్లంతా తేలికైనట్టుంది. ఆయన మాటలో కొంత న్యాయం ఉందేమోననే అనుమానం కూడా వచ్చింది. పైకి మాత్రం ఒప్పుకోలేదు.

పొద్దు వాలినాక గుర్తొచ్చింది. "అన్నా, పుస్తకం ఇస్తే పోతా."

జయరాముడు తల గోక్కున్నాడు. "నా దగ్గర లేదమ్మా. మా జతగాడు ఆదినారాయణ పుట్టపర్తి ఆసుపత్రిలో పడుకోనుండాడు, కిడ్నీ జబ్బు. పొద్దుపోక అల్లాడతాంటే ఇచ్చొస్తి."

కమలాక్షి నాలుక కరుచుకుంది. సఫియాకు నవ్వాల్నో ఏడవాల్నో తెలీలేదు. ఆయన అప్పటికే ఫోన్ కలిపి ఆమె చేతికిచ్చినాడు. అవతల నీరసమైన గొంతు.

"అమ్మా, నీ పుస్తకం సగమైనాది. చదవాల్సింది ఇంకా శానా ఉండాది. ఒక మాట చెప్పు. ఆ పిల్లకు మంచు దొరుకుతాదా?"

సఫియా ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకుంది. "చెప్పనన్నా. మీరే చదివి తెలుసుకోండి. నిదానంగా చదవండి, తొందరేం లేదు."

ఫోన్ తిరిగిచ్చేటప్పుడు ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆశ్చర్యపోయింది.

జయరాముడు లోపలికి పోయి, అట్టకు గుడ్డ అతికించిన లావుపాటి పుస్తకం తెచ్చినాడు. పక్షులు ఏలే రాజ్యం కథ. "ఇది నాకు ప్రాణం. ఎవరికీ ఇయ్యను. నువ్వు తీస్కపో."

తిరుగు రైల్లో కమలాక్షి పెనుకొండలో దిగిపోతూ, "కోపం పోయిందా అక్కా?" అనడిగింది. "పోలేదు గానీ, వచ్చే ఆదివారం అంగడికి రా, మాట్లాడుకుందాం" అంది సఫియా. రైలు కదిలినాక పుస్తకం తెరిచింది. రాజు పక్షి ఊరికే ఉపన్యాసాలిస్తాంది. చిరాకేసి జయరాముడికి ఫోన్ కొట్టింది.

"అన్నా, ఏమీ బాలేదు ఇది. ఈ రాజుకు నోరు మూతపడదా?"

అవతల పెద్ద నవ్వు. "గుడ్లగూబ వచ్చేదాకా ఓపిక పట్టమ్మా. అప్పుడు తిట్టు."

సఫియా చున్నీ సర్దుకుని, కాళ్లు పైకి ముడుచుకుని, గుడ్లగూబ కోసం పేజీ తిప్పింది.