తీసెయ్

చిట్టికి గొంతులు గుర్తుంటాయి గానీ మొహాలు గుర్తుండవు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో కూర్చుని ఎవరి మాటనో ఎవరి చెవికో కలుపుతూ వయసంతా వెళ్ళదీసిన మనిషి. భర్త పోయిన కొన్నాళ్ళకే ఆయన ముక్కు ఎలా ఉండేదో జ్ఞాపకం రాక, ఒక మధ్యాహ్నమంతా మంచం మీద అలాగే కూర్చుండిపోయింది. ఆయన దగ్గు మాత్రం ఇప్పటికీ పక్కగదిలోంచి వినిపించినట్టే ఉంటుంది.

అందుకే అక్క కూతురు కొత్త ఫోను కొనుక్కుని పాత డిజిటల్ కెమెరా ఇస్తానంటే, చిట్టి రెండు చేతులూ చాపింది.

"పిన్నీ, మీట సగం నొక్కి ఆగు. తెర మీద ఆకుపచ్చ గడి వస్తుంది, కీచుమంటుంది. అప్పుడు పూర్తిగా నొక్కు."

"సగం నొక్కి ఆగడం మీ పిన్నికి కొట్టిన పిండే. బతుకంతా చేసింది అదేగా," అంది అక్క.

మొగుళ్ళు పోయాక అక్కాచెల్లెళ్ళిద్దరూ మూడో అంతస్తులో రెండు గదులు తీసుకుని ఉంటున్నారు. చిట్టి ముందు ఇంట్లోనే చేతికి అలవాటు చేసుకుంది. కెటిలు మూతి మీది ఆవిరి, మెట్ల కటకటాలు, గోడ మీద సాయంత్రపు వెలుతురు. మొదట్లో అన్నీ జ్వరమొచ్చినట్టు వణికేవి. మోచేతులు డొక్కలకి ఆనించుకోవాలనీ, ఊపిరి బిగబట్టాలనీ, వెలుతురు వెనకనుంటే మనిషి మసిబొగ్గవుతాడనీ మెల్లమెల్లగా తెలిసింది. తర్వాత అప్పుడప్పుడూ ఏదో ఒక బస్సెక్కి చివరి స్టాపు దాకా పోయేవాళ్ళు. కొత్త వీధులు, మూసిన దుకాణాలు, రైలుపట్టాల పక్క గడ్డిపూలు, ఏది కనబడితే అది తీసేది చిట్టి. అక్క పక్కన నిలబడి వేళాకోళం చేసేది.

"నన్ను మాత్రం తీయకు. ఎదురుగా మనిషినుంటే బొమ్మెందుకే?"

కెమెరాలో అక్క చెప్పులున్నాయి, అక్క నీడ ఉంది, మెట్లెక్కలేక ఆయాసపడుతున్న అక్క వీపు ఉంది. మొహం లేదు.

అక్క మోకాళ్ళే కొంప ముంచాయి. మూడంతస్తులు ఎక్కడం ఇక వల్లకాదని, అక్క కూతురు తల్లిని వేరే ఊళ్ళోని తన ఇంటికి తీసుకెళ్ళడానికి సిద్ధమైంది. కింది వాటా, మెట్లు లేవు, ఉన్నది ఒక్క అదనపు గది. చిట్టిని కూడా రమ్మని ఎవరూ అనలేదు, అనడానికి చోటూ లేదు. అప్పట్నుంచీ చిట్టికి ఒకటే గుబులు. ఈ మొహం కూడా చెరిగిపోతుందా?

వెళ్ళేముందు చివరిసారిగా నది వంతెన మీదికి పోయారు. గాలికి చిట్టి కండువా ఎగిరి నీళ్ళలో పడింది. "అయ్యయ్యో" అంటూ చిట్టి కటకటాల వెంట పరుగెత్తేసరికి అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. చిట్టి వెనక్కి తిరిగి కెమెరా ఎత్తింది. గడి అక్క మొహాన్ని పట్టుకుంది. కీచుమంది. నొక్కింది.

జుట్టంతా చెదిరి, ఊడిన పన్ను కనిపిస్తూ, కళ్ళలో నీళ్ళతో అక్క.

"ఛీ, పిచ్చిదానిలా ఉన్నాను. అది తీసెయ్."

"ఇంటికెళ్ళాక తీసేస్తాలే."

తీసెయ్యలేదు. అక్క అడిగినప్పుడల్లా "ఆఁ, తీసేస్తా" అనేది. స్నానాలగది తలుపు వేసుకుని మరీ చూసుకునేది.

ప్రయాణం రోజు చిట్టికి అక్కకేసి తిరిగి చూడ్డానికే తీరిక లేదు. మందుల సంచీ, నీళ్ళ సీసా, టికెట్లు తడిమిందే తడిమింది. బస్సు ఇంజను మొదలైంది. మూసిన అద్దం వెనక కూతురి పక్కన కూర్చున్న అక్క, చిట్టి మెళ్ళో వేలాడుతున్న కెమెరాకేసి వేలు చూపించి, ఏదో గట్టిగా అంటోంది. మాట బయటికి రాలేదు గానీ పెదాలు తెలిశాయి.

"తీసెయ్! తీసెయ్!"

వంతెన బొమ్మ ఇంకా ఉందని అక్క కనిపెట్టేసింది! అప్పుడెప్పుడో గొడుగు పట్టుకెళ్ళమన్నందుకు విసుక్కుని గడప దాటిన భర్త, మళ్ళీ ఆ గడప లోపలికి రాలేదు. విసుగుతో ఎవరినీ సాగనంపకూడదు. చిట్టి గబగబా ఆ బొమ్మ వెతికి, చెత్తబుట్ట గుర్తు నొక్కింది. తొలగించాలా అని అడిగింది కెమెరా. అవునంది. ఆ బొమ్మ పోయిన తెరను అక్క వైపు తిప్పి, చూడు, నీ మాటే నెగ్గిందన్నట్టు రెండు చేతులా మొహానికి అడ్డంగా ఎత్తి పట్టుకుంది. దించేసరికి బస్సు వెనకభాగం మలుపు తిరుగుతోంది.

సాయంత్రం ఫోను మోగింది.

"ఏమే చిట్టీ, తీశావా?"

"తీసేశానక్కా."

"హమ్మయ్య! బస్సు కదిలిపోతుందేమోనని ఎంత కంగారుపడ్డానో. నువ్వు చూపించావు గానీ తెర మీద ఎండ పడి నాకేం కనబడలేదు. ముత్యాల దుద్దులు పెట్టుకున్నా, చూశావా? పౌడరు కూడా రాసుకున్నానే, ఈ వయసులో! మొహాలు గుర్తుండవని కుళ్ళికుళ్ళి ఏడుస్తావుగా, పోనీ ఒక్కటి ఉంచుకుంటావని."

చిట్టి గోడకి ఆనుకుంది. జీవితంలో ఎవరి మాటా తప్పుగా వినని చెవులు. పొద్దుటి బస్సు అద్దాన్ని కళ్ళ ముందుకు తెచ్చుకోబోయింది. చెత్తబుట్ట గుర్తు వచ్చింది. తన బొటనవేలు వచ్చింది. దుద్దులు రాలేదు. మొహమూ రాలేదు.

"పలకవేం? బాగా రాలేదా?"

"వచ్చావక్కా. చాలా బాగా వచ్చావు."

"నవ్వానా?"

"పొట్ట పట్టుకుని."

"అబద్ధాలకోరు! పన్ను కనిపిస్తోందా మరి?"

"కనిపిస్తోంది. జుట్టు కూడా కొంచెం చెదిరింది."

"అంత దువ్వుకున్నానే! సర్లే, ఎలా ఉంటేనేం, ఉంచుకో. ఇది మాత్రం తీసెయ్యకేం."

"తీయను," అంది చిట్టి.

ఫోను పెట్టేసింది. కిటికీ పక్క కుర్చీ వీపుకి అక్క మర్చిపోయిన స్వెట్టరు వేలాడుతోంది. మోచేతులు డొక్కలకి ఆనించుకుని కెమెరా దానికేసి పట్టుకుంది. మీట సగం నొక్కి ఆగింది. గడి స్వెట్టరు భుజాల మీద కాసేపు తచ్చాడింది, ఇంకాస్త పైకి పోయింది, మొహం ఉండాల్సిన చోట ఆకుపచ్చగా మారకుండా వెతుకుతూనే ఉంది. చిట్టి వేలు తీయలేదు.