కుకీ పిండికి గిరాకీ ఎంత?

నలభై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినందుకు నాకు పడిన శిక్ష ఏమిటంటే, ఊళ్లో ఎవరికి లెక్క తేలకపోయినా నా నెత్తినే పడతారు. ఈ అక్టోబరులో లవోన్ పడింది.

లవోన్‌ది కుకీ పిండి కంపెనీ, అంటే ఇంట్లో బిస్కెట్లు కాల్చుకోవడానికి సిద్ధంగా కలిపి పెట్టిన ముద్ద. కంపెనీ అంటే ఆవిడ, మరో ముగ్గురు ఆడవాళ్లు, పిండి కలిపే యంత్రం ఒకటి. బడులకు డబ్బు కావలసి వచ్చినప్పుడల్లా పిల్లలు ఆర్డరు కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఆ పిండి డబ్బాలే అమ్ముతారు. డబ్బా ఇరవై డాలర్లు.

"అర్డిస్, మిల్వాకీ నగరంలో పెద్ద కంపెనీ వాళ్లు నా కంపెనీ కొంటారటే! ఏడాదికి అమ్మకం ఎంత, కొనేవాళ్లు ఎవరూ అని అడుగుతున్నారు."

"మరి ఎంత?"

"నాకేం తెలుసు? నాకు పిండి కలపడం తెలుసు. ఈ విస్కాన్సిన్ చలికి మోకాళ్లు చచ్చిపోతున్నాయే. అమ్మేసి అరిజోనాలో మా చెల్లెలి దగ్గర పడి ఉంటాను. ఎలాగైనా తేల్చిపెట్టు తల్లీ."

ఖాతా పుస్తకం అన్నమాటే లేదు మహాతల్లి దగ్గర. ఉన్నవల్లా పిల్లలు నింపిన ఆర్డరు కాగితాలు, మూడు అట్టపెట్టెల నిండా. ఆవిడ వంటింట్లోనే కూర్చుని లెక్కపెట్టాను. పోయినేడు రెండువేల మూడువందల డబ్బాలు!

పేరు తెలియకపోతే పిల్లలు తోచింది రాస్తారు. 'కుంటి కుక్క అమ్మమ్మ' పన్నెండు. 'పసుపు ఇంటావిడ' తొమ్మిది. 'ఎప్పుడూ కొనే ఆవిడ' ఇరవై. ఇంతమంది పెద్ద గిరాకీలా అని మురిసిపోయాను. నా బుర్ర తగలెయ్య, నేను కూర్చున్నది ఆ పసుపు ఇంట్లోనే! కుంటి కుక్క నా పాదాల మీదే గుర్రుపెట్టి నిద్రపోతోంది.

"ఏమే, ఇవన్నీ నువ్వేనా?"

లవోన్ తల దించుకుంది. "పిల్లలు ముందు మా ఇంటికే వస్తారు. తయారుచేసేదాన్ని నేనే వద్దంటే, పిండిలో ఏదో ఉందనుకోరూ?"

కింది గదిలో ఏడు ఫ్రీజర్లు, అన్నిటి నిండా ఆ డబ్బాలే. ఒక్క ఏడాదిలో ఆవిడ కొన్నవి పదకొండువందలు.

"ఈ ముక్క దాచెయ్యవే," అని చెయ్యి పట్టుకుంది. నా వల్ల కాలేదు. అబద్ధపు లెక్క రాయమంటే నా చేతికి ఏం రోగమొచ్చిందో గానీ, ఉన్నదున్నట్టే రాసింది.

మిల్వాకీ నుంచి కెసెనిక్ అనే ఆయన వచ్చి నా కాగితం రెండుసార్లు చదివాడు. "మీ అతి పెద్ద గిరాకీ ఎవరండీ?" నేను లవోన్‌ను చూపించాను. ఆయన నవ్వనైనా నవ్వలేదు.

"రెండు లక్షల ఇరవైవేలు ఇస్తాం. కానీ ఈ గిరాకీ చెయ్యి జారడానికి వీల్లేదు. అరిజోనా వెళ్లండి, ఎక్కడికైనా వెళ్లండి, ఏటా పదకొండువందల డబ్బాలు మీరు కొనాల్సిందే."

నాకు ఒళ్లు మండిపోయింది. "సిగ్గుందా మీకు? ఏడాదికి ఇరవై రెండువేలు! పదేళ్లలో ఆ డబ్బంతా ఊడ్చుకుపోదూ? సంతకం పెట్టకే లవోన్!"

లవోన్ వేళ్లు ముడిచి లెక్కేసింది. "ఇప్పుడు డెబ్బై రెండు. పదేళ్లంటే ఎనభై రెండు. తిండికి పెన్షనుంది. మా అమ్మ ఎనభైకే పోయిందిగా అర్డిస్, సరిపోతుందిలే," అని కలం అందుకుంది.